జపాన్ వంటకత్తి కొనేముందు: ఏ ఊరి పనితనం మీ వంటింటికి నప్పుతుంది?

జపాన్ కత్తి కొనాలనుకునేవారు ముందుగా చూసేది అలుగు (పిడి కాక మిగిలిన లోహభాగం) మీది అలల గీతల్ని, ఆ తర్వాత ధరని. ఈ రెండూ కత్తి గురించి చెప్పేది చాలా తక్కువ. జపాన్ కమ్మరుల నిష్ఠ గొప్పదే, అయితే అది ఎప్పుడూ ఏదో ఒక పనికి కట్టుబడిన నిష్ఠ. పచ్చి చేపను పలచని ముక్కలుగా కోయడానికి ఎంత శ్రద్ధగా ఒక కత్తిని తీర్చిదిద్దితే, దోసకాయలు తరగడానికి అది అంతగా పనికిరాకుండా పోతుంది. అందుకే "అన్నిటికన్నా మంచి కత్తి ఇవ్వండి" అని దుకాణంలో అడగడం దండగ. "నేను రోజూ కోసేవి ఇవి, సానరాయి మీద పదును పెట్టడం వచ్చు" అనో, "రాదు" అనో చెప్పండి. సరైన కత్తి వెంటనే బల్ల మీదికి వస్తుంది.

ముద్ర ఉంటే చాలా?

పనితనానికి ప్రభుత్వం ముద్ర వేయడం జపాన్‌లో పాత సంగతి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వెంట పొగాకు ఆ దేశం చేరింది. ఆకును సన్నగా తరగడానికి ఒసాకా పక్కనే ఉన్న సకాయ్ పట్టణంలో ప్రత్యేకంగా కత్తులు చేశారు. అవి ఎంత బాగా కుదిరాయంటే ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి పాలించిన షోగన్ల ప్రభుత్వం వాటి మీద "సకాయ్ కివామె" అనే ముద్ర వేయించి అమ్మించింది. నకిలీలకూ అసలుకూ తేడా తెలియడానికి అదే గుర్తు.

ఇప్పటి ముద్ర 1974లో వచ్చిన సంప్రదాయ హస్తకళల చట్టం నుంచి వచ్చింది. వస్తువు రోజువారీ వాడకానికి పనికిరావాలి. ముఖ్యమైన పనులన్నీ చేత్తో జరగాలి. పద్ధతికీ ముడిసరుకుకూ వందేళ్ల చరిత్ర ఉండాలి. ఒక ప్రాంతంలో కొంతమందైనా దాన్నే వృత్తిగా సాగిస్తూ ఉండాలి. కత్తులకు పేరుపొందిన ఊళ్లలో ఎచిజెన్‌కు ఈ గుర్తింపు 1979లో, సకాయ్‌కి 1982లో, తోసాకు 1998లో, సాన్‌జోకు 2009లో దక్కింది. "సంప్రదాయ హస్తకళాకారుడు" అనే బిరుదు కావాలంటే కనీసం 12 ఏళ్ల అనుభవం ఉండి పరీక్ష నెగ్గాలి.

ఈ ముద్రను నేను గౌరవిస్తాను. కత్తి ఎక్కడ, ఏ పద్ధతిలో తయారైందో అది హామీ ఇస్తుంది. మీ చేతికీ మీ కూరగాయలకూ సరిపోతుందని మాత్రం ఏ ముద్రా హామీ ఇవ్వలేదు. ముద్ర లేనంత మాత్రాన కత్తి తక్కువదీ కాదు. ఆ జాబితాలోకి రాని మంచి కత్తులు యంత్రాల మీద తయారై చాలా వంటిళ్లలో ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తున్నాయి.

సకాయ్, ఎచిజెన్: రెండు రకాల నిష్ఠ

సకాయ్‌లో ఒక కత్తిని ఒక్కరే మొదలుపెట్టి ముగించరు. కమ్మరి మెత్తని ఇనుము మీద గట్టి ఉక్కు ముక్కను కొలిమిలో అతికించి, సాగగొట్టి, కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరుస్తాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ మొద్దు అలుగు వేరే వీధిలో సానపట్టే నిపుణుడి దగ్గరకు వెళుతుంది. దాన్ని పలచన చేసి వాదర (కోసే అంచు) తీసేది ఆయనే. ఆ తర్వాత పిడి బిగించి, పేరు చెక్కి అమ్మేది టోకు వర్తకుడు. అలుగు మీద కనిపించేది సాధారణంగా ఈ వర్తకుడి పేరే.

ఇలా పంచుకోవడం వల్ల ఒక్కొక్కరు ఒక్క పనిలోనే జీవితాంతం ఆరితేరతారు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ముందువాడి తప్పు తర్వాతివాడి రాయి మీద బయటపడుతుంది. కాల్చి ముంచినప్పుడు అలుగు కొంచెం వంగడం మామూలే. సానపట్టేటప్పుడూ ఆ వంకర మళ్లీ తలెత్తుతుంది. కంటికి ఎదురుగా పెట్టి చూసి, చిన్న సుత్తితో తట్టి సరిచేస్తారు. సానపట్టేకొద్దీ మళ్లీ చూస్తారు, మళ్లీ తడతారు. సకాయ్ నాణ్యతకు నా దృష్టిలో కొలిమి కన్నా ఈ తనిఖీలే మూలం. వృత్తి వంటవారు వాడే ఒకవైపు పదును కత్తులకు జపాన్ అంతటా ఈ ఊరిదే అగ్రస్థానం. కొనేటప్పుడు కమ్మరి ఎవరు, సానపట్టినది ఎవరు అని రెండు పేర్లూ అడగండి. మంచి దుకాణంలో రెండూ చెబుతారు.

ఎచిజెన్ దారి వేరు. ఇప్పటి ఫుకుయి రాష్ట్రంలోని తకెఫు ప్రాంతం ఇది. 1337లో క్యోటో నుంచి కునియాసు అనే ఖడ్గ కమ్మరి మంచి నీరు వెదుక్కుంటూ ఇక్కడికి వచ్చి, రైతులకు కొడవళ్లు కూడా చేసి ఇచ్చాడని ఆ ఊరివారు చెప్పుకుంటారు. మొదటి నుంచీ రైతు పనిముట్ల ఊరు కావడం దీని స్వభావంలో ఇప్పటికీ కనిపిస్తుంది. రెండు అలుగులను ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకేసారి సమ్మెట కింద సాగగొట్టడం ఇక్కడి ప్రత్యేక పద్ధతి. రెండూ కలిసి ఉండడం వల్ల వేడి తొందరగా తగ్గదు, పలుచని లోహం మాడిపోదు, రెండు అలుగులూ సమానంగా సాగుతాయి. 1993లో ఇక్కడి కమ్మరులు కొందరు కలిసి తకెఫు నైఫ్ విలేజ్ అనే ఉమ్మడి పనిశాల పెట్టుకున్నారు. లోపలికి వెళ్లి కొలిమి పని చూడవచ్చు. ఇంట్లో వండుకునేవారికి నేను ముందుగా చెప్పే ఊరు ఎచిజెన్. పలుచగా, తేలికగా ఉండి, కూరగాయల్లోకి ఇట్టే దిగే కత్తులు ఇక్కడ నిజమైన పనితనంతో దొరుకుతాయి. సకాయ్ పేరుకు చెల్లించే అదనపు ధర చాలాసార్లు ఇక్కడ ఉండదు.

నీగతా రాష్ట్రంలోని సాన్‌జో 17వ శతాబ్దంలో మేకుల తయారీతో మొదలైంది. వరదల వల్ల పంట పోయిన రైతులకు అది పక్క ఆదాయం. ఇక్కడి చాలా పనిశాలల్లో కొలిమి నుంచి సాన వరకు అన్నీ ఒకే కప్పు కింద జరుగుతాయి. ఒకరి తీరు కత్తి అంతటా కనిపించాలని కోరుకునేవారికి సాన్‌జో నచ్చుతుంది. పక్క ఊరు త్సుబామె స్టెయిన్‌లెస్ పనికి పేరుపొందింది. పిడితో సహా మొత్తం ఉక్కుగా ఉండే గ్లోబల్ కత్తులు 1985 నుంచి వస్తున్నది నీగతా నుంచే.

షికోకు దీవిలోని తోసా అడవి పనివారి గొడ్డళ్ల ఊరు. అక్కడి కత్తులు నలుపు వదలని మొరటు ముస్తాబుతో, తక్కువ ధరకు వస్తాయి. నునుపు కోసం చూడకండి. పదును కోసం చూస్తే మీ డబ్బు వృథా కాదు.

గిఫు రాష్ట్రంలోని సెకి ఒకప్పటి ఖడ్గాల పట్టణం, ఇప్పుడు కర్మాగారాల పట్టణం. కత్తుల తయారీ సంస్థ కై 1908లో పుట్టినది ఇక్కడే. జర్మనీ వారి మియాబి కత్తులు తయారయ్యేదీ ఇక్కడే. చేతిపని కాదని దీన్ని చిన్నచూపు చూడకూడదు. పది కత్తులు కొంటే పదీ ఒకేలా ఉండడం కూడా ఒక ప్రమాణమే. సెకి బలం అందులో ఉంది.

ఉక్కు: ఎక్కువ డబ్బు తప్పుగా ఖర్చయ్యేది ఇక్కడే

కార్బన్ ఉక్కులో రెండు పేర్లు తరచూ వినిపిస్తాయి, షిరోగామి, ఆవోగామి. రెండూ షిమానె రాష్ట్రంలోని యాసుగి కర్మాగారానివే. షిరోగామిలో కార్బన్ తప్ప దాదాపు ఏమీ కలపరు. రెండో నంబరు రకంలో కార్బన్ 1.05 నుంచి 1.15 శాతం ఉంటుంది. రాయి మీద చాలా త్వరగా, చాలా సన్నని పదునుకు వస్తుంది. కాల్చేటప్పుడు మాత్రం కమ్మరిని ఏమరనివ్వదు. వేడి కాస్త అటూ ఇటూ అయితే చెడిపోతుంది. ఉక్కు ఎరుపు ఛాయను కంటితోనే అంచనా వేయాలి కాబట్టి పనిశాలలో వెలుతురు తగ్గించి పనిచేస్తారు. ఆవోగామిలో క్రోమియం, టంగ్‌స్టన్ కలుపుతారు. పదును ఎక్కువకాలం నిలుస్తుంది, తిరిగి పెట్టడానికి కొంచెం ఎక్కువ సమయం పడుతుంది.

ఇవి రెండూ తుప్పు పడతాయి. మన వంటకు ఇది చిన్న విషయం కాదు. చింతకాయ, నిమ్మకాయ, మామిడికాయ, టమాటా రోజూ ఉండే వంటింట్లో కార్బన్ ఉక్కు నిమిషాల్లో రంగు మారుతుంది. కోసిన ముక్కలకు లోహపు వాసన కూడా రావచ్చు. కోసిన వెంటనే కడిగి తుడిచే అలవాటు ఉంటే అలుగు మీద నీలి బూడిద రంగు పొర ఏర్పడి అదే రక్షణగా నిలుస్తుంది. ఆ అలవాటు ఇంట్లో అందరికీ ఉండాలి. ఒక్కరికే ఉంటే చాలదు.

స్టెయిన్‌లెస్ రకాల్లో వీజీ-10 బాగా తెలిసినది. దీన్ని రూపొందించినది ఎచిజెన్‌లోని తకెఫు ఉక్కు సంస్థే. ఇందులో కార్బన్ సుమారు 1 శాతం, క్రోమియం సుమారు 15 శాతం. గట్టిదనం రాక్‌వెల్ కొలమానంలో 60 దగ్గర ఉంటుంది. యూరప్ కత్తులు సాధారణంగా 56 నుంచి 58 మధ్య ఉంటాయి. యాసుగివారి గింసాన్ అనే స్టెయిన్‌లెస్ రాయి మీద కార్బన్ ఉక్కులాగే హాయిగా పదునెక్కుతుంది. తుప్పు భయం వద్దు, రాయి సుఖం మాత్రం కావాలి అనేవారికి నేను చెప్పేది ఇదే.

మధ్యేమార్గం ఇంకొకటి ఉంది. లోపల కార్బన్ ఉక్కు, రెండు వైపులా స్టెయిన్‌లెస్ తొడుగు. గాలి తగిలే కార్బన్ ఉక్కు వాదర దగ్గర సన్నని గీతంత మాత్రమే. తుడవాల్సిన శ్రద్ధ సగానికి తగ్గుతుంది. ఎచిజెన్, సాన్‌జోలలో ఇవి పుష్కలంగా దొరుకుతాయి.

ఇక డమాస్కస్ అని పిలిచే అలల గీతల సంగతి. డమాస్కస్ పేరు ప్రపంచానికి తెలిసింది ఒకప్పటి ఖడ్గాల వల్ల. వాటికి వాడిన మూసలో కరిగించిన ఉక్కులో కొంత మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచే వెళ్లింది. పర్షియా వర్తకులు దాని కోసం అంతదూరం వచ్చేవారు. ఆ ఉక్కులో గీతలు లోహం గడ్డకట్టిన తీరు నుంచి, కొట్టిన తీరు నుంచి పుట్టేవి. నేటి జపాన్ కత్తుల గీతలు వేరు వేరు లోహపు రేకులను పొరలుగా అతికించి తెచ్చినవి. అవి తొడుగులోనే ఉంటాయి. కోసేది లోపలి ఉక్కు. అందంగా ఉన్నాయి కాబట్టి కొనుక్కుంటే తప్పులేదు. బాగా కోస్తుందని మాత్రం అదనంగా చెల్లించకండి.

ఒకవైపు పదునా, రెండువైపులా పదునా

ఎంపికలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. యానగిబా, దెబా, ఉసుబా అనే మూడు సంప్రదాయ కత్తులకు పదును ఒకవైపే ఉంటుంది. రెండో వైపు చదునుగా కనిపించినా మధ్యలో స్వల్పంగా గుంట తీసి ఉంటుంది, ముక్క అంటుకోకుండా. సుమారు 27 నుంచి 30 సెంటీమీటర్ల యానగిబాతో వంటవాడు చేపను ఒక్క లాగుడులో కోస్తాడు. ముందుకూ వెనక్కూ రాపిడి లేదు కాబట్టి ముక్క అద్దంలా నిగనిగలాడుతుంది. ఉసుబాతో ముల్లంగిని కాగితమంత పలుచని పొడవాటి పట్టీగా చెక్కుతారు. అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది.

మన వంటింట్లో ఈ పనులు లేవు. పైగా అలవాటు లేని చేతిలో ఒకవైపు పదును కత్తి గట్టి క్యారెట్‌లోకి నేరుగా దిగదు, పక్కకు జారుతుంది. ఎడమచేతివాటం వారికి వేరుగా చేయించాలి, ధర పెరుగుతుంది. ఇంటి వంట కోసం మాత్రమే కొంటున్నవారు ఈ మూడింటినీ పక్కన పెట్టండి అని గట్టిగానే చెబుతాను. గోదావరి జిల్లాల్లోలాగా ఇంట్లోనే తరచూ పెద్ద చేపలు శుభ్రం చేసుకునే కుటుంబాలకు మాత్రం దెబా ఆలోచించదగినది. దాని మడమ భాగం (పిడి దగ్గరి వాదర చివర) చేప తలను, సన్నని ముళ్లను తట్టుకుంటుంది. కోడి, మేక ఎముకలకు అది కూడా వద్దు.

ఇక ఇదే వర్గంలో శిఖరం లాంటిది హోన్‌యాకి. అతుకు లేకుండా ఒకే ఉక్కుతో చేసి, మట్టి పూసి, వెన్ను మెత్తగా వాదర గట్టిగా ఉండేలా కాల్చి ముంచుతారు. ఖడ్గాల పద్ధతి ఇది. ముంచిన క్షణంలో పగిలిపోయేవి చాలా ఉంటాయి. ధర చాలాసార్లు లక్ష యెన్‌లు దాటడానికి కారణం అదే. ఆ పని ముందు నేను తలవంచుతాను. ఇంటికి కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. సానపట్టడం కష్టం, చేయి జారి కింద పడితే రెండు ముక్కలయ్యే ప్రమాదం ఎక్కువ.

రెండువైపుల పదును ఉన్నవాటిలో మన ఇళ్లకు పోటీ నిజానికి రెండింటి మధ్యే. నకిరి పొడవైన దీర్ఘచతురస్రంలా ఉంటుంది, సుమారు 16 సెంటీమీటర్లు. వాదర దాదాపు తిన్నగా పలకను తాకుతుంది కాబట్టి గోంగూర, కొత్తిమీర, క్యాబేజీ కింద నారలా అంటుకుని మిగలవు. దొండకాయ చక్రాలు, బెండకాయ ముక్కలు, వేపుడు కోసం సన్నగా తరిగే ఆలుగడ్డలు దీని సొంత పని. వెడల్పు వల్ల తరిగినవాటిని ఎత్తి బాణలిలో వేయడం కూడా సులువు. సంతోకు 16.5 నుంచి 18 సెంటీమీటర్లు ఉంటుంది. మొన ఉంటుంది కాబట్టి ఎముక లేని కోడిమాంసం, చేప ముక్కలు, ఉల్లిపాయ కోతలు అన్నీ చేస్తుంది. శాకాహారుల ఇంటికి నకిరి, మిగతావారికి సంతోకు అన్నది నా సలహా. ఎక్కువమందికి వండేవారు, పెద్ద పలక ఉన్నవారు 21 సెంటీమీటర్ల గ్యూతో (మొనదేలిన పొడవాటి వంటకత్తి) చూడవచ్చు. పండ్లు కోయడానికి, చెక్కు తీయడానికి 12 సెంటీమీటర్ల పెట్టీ అనే చిన్న కత్తి రెండో కత్తిగా ఉంటే చాలు.

ఏది లోపం, ఏది కాదు

దుకాణంలో కత్తిని పిడి పట్టుకుని వెన్ను మీదుగా మొన వరకు చూడండి, వంకర ఉండకూడదు. వాదరను వెలుగు కిందికి తెచ్చి పై నుంచి చూడండి. ఎక్కడైనా తెల్లగా మెరిస్తే అక్కడ పదును లేదని అర్థం. మడమ వైపు నుంచి చూస్తే వాదర పైన లోహం ఎంత పలుచగా ఉందో తెలుస్తుంది. అక్కడ మందంగా ఉంటే ఎంత గొప్ప ఉక్కైనా క్యారెట్‌ను కోయకుండా చీలుస్తుంది. వేలు ఆనే వెన్ను, మడమ అంచులు నునుపు చేసి ఉన్నాయా చూడండి. తక్కువ ధరలో ముందుగా వదిలేసేది ఈ పనినే.

నల్లని పొలుసు పొర, సుత్తి గుంటలు, రెండు లోహాల మధ్య గీత కాస్త అలలుగా సాగడం లోపాలు కావు. పొలుసు వదిలేసిన కురోఉచి కత్తికి మెరుగు పెట్టే శ్రమ తగ్గుతుంది, ధర తగ్గుతుంది. కోత మాత్రం అంతే ఉంటుంది. తక్కువ డబ్బులో మంచి చేతిపని కావాలంటే ముందుగా వీటినే చూడాలి.

సగం పని కొన్నవారిది

ఇంత గట్టి, ఇంత పలుచని వాదర పెళుసుగా కూడా ఉంటుంది. ఒక్కో వైపు సుమారు 15 డిగ్రీల కోణంలో తీసిన పదునుతో కొబ్బరి కొడితే పెచ్చు ఊడుతుంది. పనసకాయ, పండిన గుమ్మడికాయ, గడ్డకట్టిన మాంసం, ఎముకలు కూడా వద్దు. ఆవకాయకు టెంకతో సహా ముక్కలు కొట్టే పని మన మామిడికాయల కత్తిపీటదే. ఆ పనికి జపాన్‌లో ఏ కమ్మరీ ఈ కత్తిని చేయలేదు. గ్రానైట్ గట్టు మీద, గాజు పలక మీద, స్టీలు పళ్లెంలో కోయకూడదు, చెక్క పలక కావాలి. తరిగినవాటిని పక్కకు తోయడానికి కత్తిని తిప్పి వెన్ను వాడండి.

పదును పెట్టడానికి 1000 నంబరు నీటి రాయి ఒకటి ఉంటే ఇంటికి చాలు. రాయిని నీటిలో నానబెట్టి, కోణం మారకుండా ఒక వైపు రుద్దుతూ పోవాలి. వాదర అవతలి వైపు వేలికి సన్నని గరుకు తగిలితే ఆ వైపు అయినట్టు. అప్పుడు రెండో వైపు. తరువాత 3000 లేదా 6000 రాయి మీద నునుపు చేయడం మీ ఇష్టం. సైకిల్ చక్రానికి సానరాయి బిగించి వీధిలో వచ్చేవారికి ఈ కత్తి ఇవ్వకండి. ఆ పొడి రాయి వేడికి వాదర దగ్గరి గట్టిదనం పోతుంది, కోణమూ మారిపోతుంది. లాగితే పదును పెట్టే చిన్న పరికరాలూ వీటికి సరిపడవు.

ఇక కొనడం

టోక్యోలో కప్పాబాషి వీధి, ఒసాకాలో దోగుయాసుజి వంటసామాన్లకు పేరుపొందినవి. సకాయ్, తకెఫు వెళ్లగలిగితే పనిశాలల దగ్గరే కొనవచ్చు. విమానంలో కత్తి చేతిసంచిలో పెట్టనివ్వరు, చెక్ ఇన్ సామానులోనే వేయాలి. మొనకు, వాదరకు అట్ట చుట్టమని దుకాణంలోనే అడగండి. అమెరికాలోనో యూరప్‌లోనో ఉండే తెలుగువారు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, పదునుపెట్టే సేవ కూడా ఇచ్చే దుకాణాన్ని ఎంచుకోవడం మేలు.

సెకి స్టెయిన్‌లెస్ సంతోకు సుమారు 5,000 నుంచి 10,000 యెన్‌లకు దొరుకుతుంది. ఎచిజెన్, సాన్‌జో చేతిపని సుమారు 12,000 నుంచి 30,000 వరకు ఉంటుంది. రాయి ముట్టుకోను అనేవారు మొదటి వర్గం దాటి వెళ్లకండి. అరుదుగా పదును పెట్టే ఇంట్లో ఖరీదైన కత్తి కొన్ని నెలల్లో మామూలు కత్తి అయిపోతుంది. రాయి పట్టుకుంటాను అనేవారి చేతిలో 20,000 యెన్‌లు ఉంటే, 20,000 పెట్టి కత్తి కొనవద్దు. 14,000కి స్టెయిన్‌లెస్ తొడుగు ఉన్న ఎచిజెన్ నకిరి లేదా సంతోకు తీసుకుని, మిగిలినదానితో మంచి 1000 రాయి, ఒక చెక్క పలక కొనండి. కొత్త కత్తి మొద్దుబారే దాకా ఆగకుండా, ఇంట్లోని పాత కత్తిని ఆ రాయి మీద పెట్టి ముందే చేయి అలవాటు చేసుకోండి.